పాలు కక్కే, పాలు పడని పసిబిడ్డకు సరైన పాలు: ఏ వరుసలో వెతకాలి

మా అబ్బాయికి పది వారాలు నిండేనాటికి వంటింటి అలమరలో సగం వాడి వదిలేసిన పాలడబ్బాలు నాలుగు పోగయ్యాయి. మొదటిది మామూలు పాలపొడి, రెండోది లాక్టోజ్ లేనిది, మూడోది కక్కకుండా ఉండేందుకు చిక్కగా తయారుచేసినది, నాలుగోది సోయాది. కక్కాడని ఒకటి మార్చాం, రాత్రంతా ఏడ్చాడని ఇంకొకటి మార్చాం, పక్కింటివాళ్ల మనవడికి పడిందని మరొకటి తెచ్చాం. ఏ ఒక్కదాన్నీ నాలుగు రోజులకు మించి వాడలేదు. పిల్లల డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు ఆయన అడిగిన మొదటి ప్రశ్న, “ఏ డబ్బా ఎన్ని రోజులు వాడారు, వాడినప్పుడు ఏమైంది?” అన్నది. నేనూ మా ఆయనా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

బిడ్డకు ఏ పాలు పడతాయో తెలుసుకోవాలంటే ఒకసారికి ఒకే మార్పు చేయాలి, దానికి తగిన గడువు ఇవ్వాలి, గుణం కనిపించాక పాత పాలు మళ్లీ ఇచ్చి సరిచూడాలి. కింద చెప్పిన వరుస అంతా దీని చుట్టూ తిరిగేదే. ప్రతి మెట్టు దగ్గరా మీ పిల్లల డాక్టరు తోడు అవసరం. ముఖ్యంగా మందులూ, ప్రత్యేకమైన పాలపొడులూ వారు చెప్పకుండా మొదలుపెట్టవద్దు.

1. అసలు పాలు మార్చవలసిన అవసరం ఉందా?

అన్నవాహిక వచ్చి జీర్ణాశయంలో కలిసేచోట ఒక కండరం మూతలా పనిచేస్తుంది. పుట్టిన తొలి నెలల్లో దానికి ఇంకా బిగువు రాదు. బిడ్డ తాగేదంతా ద్రవమే, రోజులో ఎక్కువసేపు ఉండేది వెల్లకిలానే, అందువల్ల పాలు వెనక్కి రావడం వింతేమీ కాదు. నాలుగు నెలల వయసులో సగానికి పైగా పసివాళ్లు రోజుకు ఒక్కసారైనా కక్కుతారు. ఏడాది నిండేసరికి పదిమందిలో తొమ్మిదిమందికి అది దానంతటదే తగ్గిపోతుంది. కక్కినా నవ్వుతూ ఆడుకునే, బరువు సరిగా పెరిగే బిడ్డకు పాలు మార్చనక్కర్లేదు, మందూ అక్కర్లేదు.

కక్కింది చూస్తే తాగిందంతా బయటికి వచ్చేసినట్టే అనిపిస్తుంది. ఒక చిన్న చెంచాడు, అంటే 5 మిల్లీలీటర్ల నీళ్లు తువ్వాలు మీద పోసి చూడండి. అరచేతి వెడల్పున మరక పరుచుకుంటుంది. నేను ఈ పని చేసి చూసుకున్న రోజునుంచి నా గాభరా సగం తగ్గింది.

అయితే కొన్ని గుర్తులు కనిపిస్తే పాల సంగతి పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆకుపచ్చటి పసరు వాంతి, వాంతిలో రక్తం లేదా కాఫీ పొడి వంటి మడ్డి, రెండు నుంచి ఎనిమిది వారాల వయసులో తాగిన ప్రతిసారీ దూరంగా చిమ్మినట్టు వాంతి కావడం, జ్వరం, మాడు ఉబ్బడం, పొట్ట ఉబ్బి గట్టిపడటం, మత్తుగా పడి ఉండటం, ఆరేడు గంటలపాటు మూత్రం రాకపోవడం, ఊపిరి అందకపోవడం, బరువు తగ్గడం ఇలాంటివి. ఆరు నెలలు దాటాక కొత్తగా మొదలైన వాంతులను కూడా మామూలు కక్కుడుగా తీసిపారేయకూడదు. పాలు తాగిన కాసేపటికే ఒళ్లంతా దద్దుర్లు లేచి, పెదవులు, కళ్లు వాచి, ఆయాసం వస్తే 108కి ఫోన్ చేయడమే పని.

2. “పాలు పడటం లేదు” అంటే ఏది పడటం లేదు?

మన ఇళ్లలో ఈ మాటను రెండు వేర్వేరు సంగతులకు కలిపి వాడేస్తాం. డబ్బు దండగయ్యేదీ, నెలలు వృథా అయ్యేదీ ఇక్కడే. పాలలో చక్కెర ఉంటుంది, దాని పేరు లాక్టోజ్. ప్రోటీన్లూ ఉంటాయి, ఆవుపాల ప్రోటీనులో సుమారు 80 శాతం కేసిన్, తక్కినది పాలవిరుగు తేటలో ఉండే వే ప్రోటీన్. పసిబిడ్డల్లో పాలు పడకపోవడం అంటే చాలావరకు ఈ ప్రోటీనుకు ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ ఎదురుతిరగడమే. లాక్టోజ్ పుట్టుకతోనే అరగకపోవడం అత్యంత అరుదు. తల్లిపాలలో 100 మిల్లీలీటర్లకు సుమారు 7 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది, తల్లి తాను పాలు తాగడం మానేసినా అది తగ్గదు. పసివాళ్లలో లాక్టోజ్ ఇబ్బంది సాధారణంగా విరేచనాల జబ్బు తర్వాత పేగు లోపలి పొర దెబ్బతిని వస్తుంది. ఆ పొర కోలుకోగానే కొన్ని వారాల్లో పోతుంది.

కాబట్టి ప్రోటీన్ పడని బిడ్డకు లాక్టోజ్ లేని డబ్బా ఇస్తే లాభం లేదు. చక్కెర మాత్రమే తీసేశారు, ఆవుపాల ప్రోటీన్ అందులో అలాగే ఉంది. మా రెండో డబ్బా కథ ఇదే.

ప్రోటీన్ ఎలర్జీ కూడా రెండు తీరులుగా ఉంటుంది. ఒకటి త్వరగా బయటపడేది: తాగిన నిమిషాల నుంచి రెండు గంటలలోపు దద్దుర్లు, వాపు, వాంతి, పిల్లికూతలు వస్తాయి. రక్తపరీక్ష, చర్మపరీక్ష పనికొచ్చేది ఈ రకానికే. రెండోది నెమ్మదిగా వచ్చేది: రెండు గంటల నుంచి మూడు రోజుల దాకా పట్టవచ్చు. మానని కక్కుడు, తాగుతూ తాగుతూ ఒళ్లు విల్లులా వంచి ఏడవడం, విరేచనంలో జిగురు, నెత్తుటి చారలు, తగ్గని ఎగ్జిమా (చర్మం పొడిబారి, ఎర్రబడి దురద పెట్టడం) దీని లక్షణాలు. రక్తపరీక్షలో ఇది దొరకదు. “నూరు ఆహారాలకు ఒకే పరీక్ష” అని అమ్మే, రక్తంలో ఐజీజీ అనే ప్రతిరక్షకాలను కొలిచే పరీక్షలు దేన్నీ నిర్ధారించవు, వాటికి డబ్బు పెట్టవద్దు. ఇంకొక తీవ్రమైన రూపం ఉంది: తాగిన ఒకటి నుంచి నాలుగు గంటలకు వాంతి మీద వాంతి అయి, బిడ్డ పాలిపోయి, వాడిపోయి పడుకుంటాడు. అలాంటిది ఒక్కసారి జరిగినా ఇంట్లో ప్రయోగాలు చేయకూడదు.

కక్కుడు ఒక్కటే ఉండి మరే లక్షణమూ లేకపోతే పాలమీద అనుమానం బలంగా ఉండదు. కక్కుడుతోపాటు చర్మం, విరేచనం, ఏడుపు వీటిలో రెండుమూడు కలిసినప్పుడే అనుమానించాలి. డాక్టర్లు కోమిస్ అనే లెక్క ఒకటి వాడతారు: ఏడుపు, కక్కుడు, మలం, చర్మం, శ్వాస అన్నిటికీ మార్కులు వేస్తే మొత్తం 33 వరకు రావచ్చు, 10 లేదా అంతకు మించితే పాలను అనుమానించమని 2022లో దాన్ని సవరించారు. అది అనుమానానికే తప్ప నిర్ధారణకు కాదు.

3. వారం రోజుల లెక్క రాయండి

ఏ మార్పూ చేయకముందు ఒక వారం రాయాలి. ఫోనులో రాసుకుంటే రాత్రి రెండు గంటలకు వెతుక్కోవడం కష్టం. మంచం పక్కన ఒక నోట్‌బుక్, దారం కట్టిన పెన్సిలు చాలు. మా నోట్‌బుక్‌లో ఒక పూట ఇలా ఉంది: “ఉదయం 6.10, 90 మి.లీ., పావుగంట పట్టింది. 6.40, రెండు చెంచాలంత కక్కాడు, ఏడవలేదు. 8.00, ఒళ్లు వంచి అరగంట ఏడుపు. 9.15, ఆకుపచ్చ విరేచనం, జిగురు, సన్నటి ఎర్ర చార ఒకటి.” విరేచనాన్ని ఫోటో తీసి ఉంచండి, డాక్టరుకు మాటల్లో చెప్పలేనిది ఫోటో చెబుతుంది.

బరువు వారానికి ఒకసారి, ఒకే తూకం మీద, బట్టలు లేకుండా చూడాలి. తొలి మూడు నెలల్లో బిడ్డ రోజుకు సుమారు 25 నుంచి 30 గ్రాములు పెరగాలి. అంగన్‌వాడీలో ఇచ్చే తల్లీబిడ్డల కార్డులో ఎదుగుదల గీతలు ఉంటాయి. ఆ చుక్కలు పైకి సాగుతున్నాయా, అడ్డంగా పోతున్నాయా అన్నదే మీరు తర్వాత తీసుకునే ప్రతి నిర్ణయానికీ ఆధారం.

4. పాలు మార్చేముందు పాలు పట్టే తీరు

ఎక్కువ పట్టడం వల్ల కక్కే పిల్లలు మనం అనుకునేదానికన్నా ఎక్కువ. పోతపాలు తాగే బిడ్డకు రోజంతటికీ కిలో బరువుకు సుమారు 150 మిల్లీలీటర్లు సరిపోతాయి. 5 కిలోల బిడ్డకు 750. అదే ఆరుసార్లు పడితే 125 చొప్పున, ఎనిమిదిసార్లు పడితే 95 చొప్పున. మొత్తం తగ్గించకుండా విడతలు పెంచి చూడండి. సీసా పీక రంధ్రం పెద్దదైతే గుక్క తిప్పుకోలేక గాలి మింగుతారు. తల్లిపాలు తాగే బిడ్డ అయితే నోటితో రొమ్ము సరిగా పట్టుకుంటున్నాడో లేదో నర్సుకు గాని, తల్లిపాల సలహాదారుకు గాని చూపించాలి.

తాగాక ఇరవై, ముప్పై నిమిషాలు భుజాన నిటారుగా ఎత్తుకుని త్రేన్పించండి. తాగిన గంటలోపు నూనె రాసి నలుగు పెట్టడం, కాళ్లమీద బోర్లా వేసి నీళ్లు పోయడం వద్దు. నిద్రకు మాత్రం కక్కే బిడ్డయినా సరే వెల్లకిలా, చదునైన గట్టి పరుపుమీదే పడుకోబెట్టాలి. తలకింద దిండు పెట్టి ఎత్తు చేయడం, బోర్లా పడుకోబెట్టడం ఊపిరికి ప్రమాదం. చీర ఉయ్యాలలో బిడ్డ గడ్డం ఛాతీకి ఆనుతుంది, పొట్ట ముడుచుకుంటుంది. రాత్రి నిద్రకు అది తగదు.

వసకొమ్ము అరగదీసి నాకించడం, ఆముదం, గ్రైప్ వాటర్, తేనె వీటిలో ఏదీ వద్దు. తేనె ఏడాదిలోపు బిడ్డకు బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చిపెట్టగలదు. మందులషాపులో అడిగితే చేతిలో పెట్టే కడుపునొప్పి చుక్కల్లో డైసైక్లోమిన్ ఉంటే ఆరు నెలలలోపు పిల్లలకు అది నిషిద్ధం. కక్కకుండా ఉండాలని సీసాలో ఉగ్గుపిండి కలపడం కూడా డాక్టరు చెబితే తప్ప చేయవద్దు.

ఈ మార్పులతో రెండు వారాల్లో నోట్‌బుక్‌లో తేడా కనిపిస్తే ఇక ముందుకు వెళ్లనక్కర్లేదు.

5. తల్లిపాలు తాగే బిడ్డయితే

తల్లిపాలు మాన్పించవద్దు. ఈ మాట గట్టిగా చెప్పవలసి వస్తోంది, ఎందుకంటే “నీ పాలే పడటం లేదేమో” అని మొట్టమొదట తల్లినే వేలెత్తి చూపుతారు. బిడ్డకు పడనిది తల్లి పాలు కావు. తల్లి తిన్న ఆవుపాల, గేదెపాల ప్రోటీన్ కొద్దికొద్దిగా ఆమె పాలలోకి రావడం. పూర్తిగా తల్లిపాలమీద ఉన్న పిల్లల్లో ఇది నూటికి ఒకరికన్నా తక్కువమందికే ఉంటుంది. ఉన్నవాళ్లకు మందు తల్లి పళ్లెంలోనే ఉంది: రెండు నుంచి నాలుగు వారాలు పాడిని పూర్తిగా మానడం.

పూర్తిగా అన్న మాట దగ్గరే చిక్కు. బాలింతకు వెల్లుల్లి కాచిన పాలు తాగితే చనుబాలు బాగా వస్తాయనీ, నెయ్యి వేసిన కాయం తింటే ఒళ్లు గట్టిపడుతుందనీ నమ్మే ఇంట్లో, అమ్మనూ అత్తగారినీ కూర్చోబెట్టి గడువు చెప్పి ఒప్పించాలి. “ఇక ఎప్పటికీ వద్దు” అంటే గొడవ. “పౌర్ణమి దాకా ఆగుదాం, అప్పటికి గుణం లేకపోతే మళ్లీ మొదలుపెడతాను” అంటే మా అత్తగారు తలూపారు.

పాలు, పెరుగు, మజ్జిగ, వెన్న, పనీరు, కోవా మానాలని అందరికీ తెలుసు. తెలియకుండా నోట్లోకి వచ్చేవి వేరే ఉన్నాయి. మజ్జిగలో నానబెట్టి ఎండబెట్టిన ఊరమిరపకాయలు, పెరుగుతో పిండి కలిపే మైసూర్ బజ్జీ, మజ్జిగ పోసిన రవ్వదోసె, పెరుగుపచ్చళ్లు, బేకరీ బ్రెడ్డు, బిస్కట్లు, చాక్లెట్, పాలలో కలిపే హెల్త్ డ్రింక్ పొడులు, హోటల్ కూరల్లో వేసే మీగడ. నెయ్యిలో ప్రోటీన్ జాడమాత్రమే ఉంటుందన్నది నిజమే, కానీ ఆ నాలుగు వారాలు అదీ వద్దు. తర్వాత ఫలితం సందేహంగా వస్తే నెయ్యిమీద నెట్టే వీలు ఉండకూడదు. పొట్లం మీద “మిల్క్ ఉంది” అన్న ఎలర్జీ ప్రకటన మన దేశంలో తప్పనిసరి. దాంతోపాటు జాబితాలో మిల్క్ సాలిడ్స్, వే, కేసినేట్ అన్న పేర్లు వెతకండి.

భోజనం చివర పెరుగన్నం లేకపోతే తిన్నట్టే ఉండదన్నది నా అనుభవం కూడా. చారుతో ముగించడం అలవాటు చేసుకున్నాను, మొదటి వారమే కష్టం. కాల్షియం మాత్రం వదిలేయకూడదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం పాలిచ్చే తల్లికి రోజుకు 1200 మిల్లీగ్రాములు కావాలి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. నువ్వుల పొడి, మునగాకు, ముళ్లతో తినే చిన్న చేపలు కలుపుకున్నా లోటు మిగులుతుంది కాబట్టి మాత్రలూ, విటమిన్ డి కూడా డాక్టరును అడిగి వేసుకోవాలి.

విరేచనంలో రక్తం, ఏడుపు కొద్ది రోజుల్లోనే తగ్గుముఖం పట్టవచ్చు. చర్మానికి ఎక్కువ సమయం పడుతుంది. నాలుగు వారాలు నిక్కచ్చిగా పాటించినా మార్పు లేకపోతే పాలు దోషి కావు, హాయిగా పెరుగన్నం తినండి. మార్పు లేదు కదా అని గుడ్డు, గోధుమ, వేరుశెనగ, పప్పులు అన్నీ ఒక్కసారిగా మానేసి తల్లి చిక్కిపోవడం నేను చూశాను; అది బిడ్డకూ మేలు చేయదు.

6. పోతపాలు తాగే బిడ్డయితే ఏ డబ్బా

బ్రాండ్ల పేర్లు కావాలని రాయడం లేదు. మన దేశంలో 1992 నాటి శిశుపాల ప్రత్యామ్నాయాల చట్టం, దాని 2003 సవరణ ఈ పొడులకు ఎలాంటి ప్రచారమూ చేయరాదంటాయి. ఆ నియమం నాకు నచ్చింది కూడా. పేరు తెలియకపోయినా రకం తెలిస్తే చాలు. డబ్బా ముందున్న పెద్ద అక్షరాలు కాకుండా, వెనుక జాబితాలో ప్రోటీన్ దేనినుంచి వచ్చిందో చదవండి.

ప్రోటీనును బాగా చిన్న ముక్కలుగా విరిచిన పొడిని ఎక్స్‌టెన్సివ్లీ హైడ్రలైజ్డ్ అంటారు. నెమ్మదిగా వచ్చే ఎలర్జీ అయినా, త్వరగా వచ్చేది అయినా చాలామందికి మొదట ప్రయత్నించవలసినది ఇదే; పదిమందిలో తొమ్మిదిమందికి పడుతుంది. రిఫ్లక్స్, అంటే తాగిన పాలు పైకి ఎగదన్నే ఇబ్బంది విషయంలో ఐరోపా, అమెరికా శిశు జీర్ణకోశ వైద్య సంఘాలు 2018లో ఇచ్చిన సూచన కూడా ఇదే దారిలో ఉంది: పట్టే తీరు సరిచేసినా తగ్గకపోతే, ఎసిడిటీ మందుకన్నా ముందు రెండు నుంచి నాలుగు వారాలు ఈ పొడి వాడి చూడమంది. కొన్ని దేశాల్లో బియ్యపు ప్రోటీనును విరిచి చేసిన పొడి దొరుకుతుంది. 2024లో ఐరోపా సంఘం దాన్ని కూడా మొదటి వరుసలో చేర్చింది.

దీనితో పేరు కలిసే పార్షియల్లీ హైడ్రలైజ్డ్ పొడి దగ్గర జాగ్రత్త. దానిమీద హెచ్.ఏ. అని ఉంటుంది, హైపో ఎలర్జెనిక్ అని చదువుకుని సంబరపడతాం. అందులో ముక్కలు పెద్దవి, ఎలర్జీ ఉన్న బిడ్డకు పనికిరాదు. ఏ.ఆర్. అని రాసి ఉండే చిక్కటి పొడి కక్కడాన్ని తగ్గించవచ్చు గాని, అందులోనూ ఆవుపాల ప్రోటీనే. ఎలర్జీ అనుమానం ఉన్నప్పుడు అది లక్షణాన్ని కప్పిపెట్టి అసలు కారణాన్ని దాచేస్తుంది.

ప్రోటీన్ ముక్కలు కూడా లేకుండా అమైనో ఆమ్లాలతో చేసిన పొడి ఆఖరి అస్త్రం. తీవ్రమైన ఎలర్జీ షాక్ వచ్చిన బిడ్డకు, బరువు పెరగడం ఆగిపోయినవారికి, విరిచిన ప్రోటీన్ పొడి కూడా పడనివారికి డాక్టర్లు దీన్ని రాస్తారు. ఖరీదు గుండె గుభేల్మనిపిస్తుంది.

సోయా పొడి మన దగ్గర తేలిగ్గా, చవకగా దొరుకుతుంది కాబట్టి ఆరు నెలలు దాటినవారికి సూచించడం మామూలే. ఆరు నెలలలోపు అది మొదటి ఎంపిక కాకూడదు. పైగా ఆవుపాలు పడని పిల్లల్లో పదిమందిలో ఒకరికి పైగా సోయా కూడా పడదు. అట్టపెట్టెలో దొరికే సోయా పానీయం వేరు, శిశువుల సోయా పొడి వేరు. మొదటిది పసివాళ్లకు కాదు.

కొనేముందు లెక్క వేసుకోండి. 400 గ్రాముల డబ్బా దాదాపు మూడు లీటర్ల పాలవుతుంది. రోజుకు 750 మిల్లీలీటర్లు తాగే బిడ్డకు నాలుగు రోజులు వస్తుంది, అంటే నెలకు ఏడెనిమిది డబ్బాలు. డబ్బాపై ధరను ఎనిమిదితో హెచ్చించి, నాలుగు వారాలు ఆగకుండా కొనగలమనుకున్నాకే మొదలుపెట్టాలి. సగంలో ఆపిన ప్రయోగం ఏమీ చెప్పదు. చిన్న ఊళ్లలో ఈ పొడులు షాపులో ఉండవు, వారం ముందే తెప్పించుకోవాలి. విదేశాల్లో ఉన్నవాళ్లు ముందు అక్కడి పద్ధతి కనుక్కోవాలి. ఇంగ్లండ్‌లో అయితే ఫ్యామిలీ డాక్టరు చీటీ రాస్తే పిల్లలకు ఈ పొడి ఉచితం. అక్కడినుంచి బంధువులు తెచ్చే డబ్బాలతో వచ్చే చిక్కు కొలతది: ఒక కంపెనీ చెంచా 30 మిల్లీలీటర్లకు, ఇంకొకటి 60కి ఉండవచ్చు. పాత డబ్బా చెంచా పారేయండి.

7. ఇవి ప్రత్యామ్నాయాలు కావు

మేకపాలు తేలిగ్గా అరుగుతాయని పెద్దలంటారు. ఎలర్జీ దృష్టిలో మేకపాల ప్రోటీన్ ఆవుపాల ప్రోటీనుకు కవల వంటిది. ఆవుపాలు పడని పిల్లల్లో తొంభై శాతం పైగా మేకపాలూ పడవు. ఫోలేట్ అనే విటమిన్ కూడా వాటిలో బాగా తక్కువ. గేదెపాలదీ ఎలర్జీ విషయంలో అదే తీరు. దేశవాళీ ఆవు ఏ2 పాలంటూ నగరాల్లో ఎక్కువ ధరకు అమ్మే పాలలో తేడా బీటా కేసిన్ అనే ఒక్క ప్రోటీన్ గొలుసులో ఒక్క అమైనో ఆమ్లానిది మాత్రమే. కేసిన్ ఉంది, వే ఉంది, ఎలర్జీ ఉన్న బిడ్డకు అవీ ఆవుపాలే. బాగా మరగబెడితే సరిపోతుందన్నదీ నిజం కాదు, కేసిన్ మరుగుకు లొంగదు.

గాడిదపాల గురించి రాయకుండా దాటలేను. గాడిదను వెంటబెట్టుకుని వీధుల్లో కేకేస్తూ, అక్కడికక్కడే పిండి చిన్న గిన్నెతో కొలిచి అమ్మేవాళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. గాడిదపాల ప్రోటీన్ ఆవుపాలతో అంతగా కలవదన్న మాట వాస్తవమే. కానీ పచ్చిపాలతో బ్రుసెల్లోసిస్ వంటి జబ్బులు అంటుకోగలవు, కొవ్వు చాలా తక్కువ కాబట్టి బిడ్డ ఎదుగుదలకు చాలవు. ఒక్క చెంచాడే కదా అనుకోవద్దు. కొబ్బరి, బాదం, ఓట్స్, బియ్యపు పాలు ఏడాదిలోపు ముఖ్యమైన పాలుగా పనికిరావు. ఆవుపాలలో నీళ్లు కలిపి పట్టడం, పొడిని పల్చగా కలపడం బిడ్డను ఆకలితో ఉంచడమే.

8. కొత్త పాలు అలవాటు చేయడం

విరిచిన ప్రోటీన్ చేదుగా ఉంటుంది, వాసన కూడా వేస్తుంది. మూడు నాలుగు నెలలలోపు పిల్లలు పట్టించుకోరు. ఆ తర్వాత ముఖం తిప్పేస్తారు. నెమ్మదిగా వచ్చే రకమైతే డాక్టరును అడిగి పాత పాలలో నాలుగో వంతు, సగం, మూడు వంతులు ఇలా మూడు నాలుగు రోజుల్లో మార్చవచ్చు. త్వరగా వచ్చే రకమైతే ఒక్కసారే మార్చాలి. మావాడు సీసాలో తాగనని మొండికేస్తే ఉగ్గుగిన్నె బయటికి తీశాం. పెదవి అంచున ఆనించి, నాలుక చాచి తనే చప్పరించేదాకా ఆగి, కొద్దికొద్దిగా వంచితే నలభై నిమిషాల్లో 60 మిల్లీలీటర్లు దిగాయి. మూడో రోజుకు సీసాతోనే తాగాడు. ఉగ్గుగిన్నెతో పోసేటప్పుడు బిడ్డను పూర్తిగా పడుకోబెట్టకూడదు, గొంతులో గుమ్మరించకూడదు.

పొడిపాలు సూక్ష్మజీవులు లేనివి కావు. నీళ్లు మరగబెట్టి, 70 డిగ్రీలకన్నా చల్లారకముందే, అంటే అరగంటలోపు, ముందు నీళ్లు కొలిచి ఆ తర్వాత పొడి వేసి కలపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తర్వాత చల్లార్చి మణికట్టుపై చుక్క వేసి చూసి పట్టాలి. డబ్బామీద వేరేగా రాసి ఉంటే డాక్టరును అడగండి. చెంచా నింపి కత్తి అంచుతో చదును చేయాలి, నొక్కకూడదు. రెండు గంటల్లో తాగనివి పారబోయాలి. చేయి రాదు, అయినా పారబోయాలి.

ఈ పొడులతో విరేచనం ముదురాకుపచ్చగా మారడం సహజం. అది చూసి ఆపేయవద్దు.

9. పాత పాలు మళ్లీ ఇచ్చి చూడటం

చాలామంది వదిలేసే మెట్టు ఇదే. బిడ్డ కుదుటపడ్డాక మళ్లీ కదిలించాలంటే ఏ తల్లికి మనసొప్పుతుంది? కానీ రిఫ్లక్స్ దానంతటదే తగ్గే జబ్బు. నాలుగు వారాల్లో తగ్గింది పాల మార్పు వల్లో, వయసు పెరగడం వల్లో ఇలా చూస్తే తప్ప తేలదు. తేల్చకుండా వదిలేస్తే ఏడాదిపాటు ఖరీదైన పొడి, పాడి లేని తిండి అనవసరంగా సాగుతాయి.

నెమ్మది రకమైతే డాక్టరు అనుమతితో ఇంట్లో చేయవచ్చు. రోజులో మొదటి సీసాలో 30 మిల్లీలీటర్ల మేర మామూలు పాలపొడి పాలు, మిగతాది కొత్త పాలు. రోజుకు 30 చొప్పున పెంచుతూ వారం. తల్లిపాలయితే తల్లి వారంలో మెల్లగా పాడి తిండికి తిరిగి వస్తుంది. పాత లక్షణాలు తిరిగి వస్తే అక్కడే ఆపాలి, ఎలర్జీ ఖాయమైనట్టు. మావాడికి మూడో రోజు సాయంత్రం జిగురు కనబడింది, నాలుగో రోజు నెత్తుటి చార. బాధేసింది, కానీ పది వారాల తర్వాత మొదటిసారి మాకు ఒక సంగతి కచ్చితంగా తెలిసింది. జలుబు, జ్వరం, టీకా రోజులు దీనికి ఎంచుకోవద్దు. త్వరగా వచ్చే రకం, వాంతులతో వాడిపోయే రకం పిల్లలకు ఈ పరీక్ష ఆసుపత్రిలోనే జరగాలి.

ఎసిడిటీ మందుల సంగతి ఒక్క మాట. కక్కడాన్ని అవి ఆపవు, ఆమ్లాన్ని మాత్రం తగ్గిస్తాయి. పేగు, ఊపిరితిత్తుల అంటువ్యాధుల ముప్పు కొంత పెంచుతాయి. పాత చీటీలో రానిటిడిన్ ఉంటే మళ్లీ కొనకండి. 2020 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాన్ని మార్కెట్ నుంచి తీసేయమంది.

10. అన్నప్రాశన, ఆ తర్వాత

ఆరో నెలలో అన్నప్రాశనకు పరమాన్నం పాలతో వండుతారు. కొబ్బరిపాలు, బెల్లంతో వండితే శాస్త్రానికి లోటేమీ రాదు, బిడ్డకు ఒక చెంచాడు నాకిస్తే చాలు. నెయ్యి బదులు పప్పన్నంలో చెంచాడు నువ్వుల నూనె, రాగిజావ నీళ్లతో. వేరుశెనగ, గుడ్డు వంటివి భయంతో వెనక్కి నెట్టకుండా ఒక్కొక్కటిగా మొదలుపెట్టాలి, త్వరగా వచ్చే ఎలర్జీ లేదా తీవ్రమైన ఎగ్జిమా ఉంటే డాక్టరును అడిగి. ఇంటికి వచ్చే చుట్టాలు బిడ్డ నోట్లో పెట్టే బిస్కట్ ముక్కే అసలు గండం; ఉయ్యాలకు “పాలు, పెరుగు, బిస్కట్ పెట్టవద్దు” అని కాగితం కట్టాం, నవ్వారు గాని మానారు.

పాడి మానిన ఆరు నెలలకు, లేదా 9 నుంచి 12 నెలల వయసులో మళ్లీ ప్రయత్నించే సమయం వస్తుంది. చాలామంది పిల్లలకు ఐదేళ్లలోపు ఎలర్జీ పోతుంది, నెమ్మది రకానికి ఇంకా ముందే. మొదట గోధుమపిండితో కలిపి బాగా కాల్చిన పాల బిస్కట్‌లో చిన్న ముక్క, అది పడితే కేకు, ఆపై పాలు కలిపిన పిండితో వేసిన అట్టు, తర్వాత పెరుగు, చివర గ్లాసుపాలు. పిండితో కలిసి ఎక్కువసేపు కాలిన ప్రోటీన్ తేలిగ్గా పడుతుంది, అందుకే ఈ వరుస. ఒక మెట్టుమీద పేచీ వస్తే కిందిమెట్టుకు దిగి, అక్కడ పడేది తినిపిస్తూ కొన్ని వారాలు ఆగాలి. మావాడు అట్టు దగ్గర రెండుసార్లు వెనక్కి దిగాడు. పద్నాలుగో నెలలో పెరుగన్నం గిన్నెలో చేయి పెట్టి, వద్దనేలోపే నోట్లో పెట్టుకున్నాడు. మూడు రోజులు నోట్‌బుక్ తెరిచి కూర్చున్నాం. రాయడానికేమీ దొరకలేదు.